కడెంజాను వాద్యకునికే విడిచిపెట్టుడు

అంతర్జాతీయ పియానో పోటీల నిర్వాహకులకును, న్యాయనిర్ణేతలకును బహిరంగ లేఖ

మహాశయులారా,

మీ పోటీలలో మోజార్ట్ కన్సర్టో వాయింపవలసిన ఘట్టమునకు చేరిన యువ వాద్యకులు, వాద్యబృందమంతయు ఆగి తమకొక్కరికే చోటు విడిచిన ఆ కడెంజా స్థానమున, ఎన్నడో మఱియొకరు వ్రాసి అచ్చువేయించిన దానిని గాక తాము స్వయముగా కల్పించుకొన్న దానినే వాయింపవలెనని నియమము చేయుడని కోరుటకై ఈ లేఖ వ్రాయుచున్నాను. అట్టి నియమము చేయుటకు మీకు మనసొప్పనిచో, ఆ సాహసము చేసిన వాద్యకునికి దానివలన నష్టము కలుగదని యైనను మీ నిబంధనలలో విస్పష్టముగా ప్రకటింపుడు.

నేను సికింద్రాబాదులో పియానో నేర్పి జీవించువాడను. కన్సర్టోకు సిద్ధపడు విద్యార్థికి దినదినము వాద్యబృందము దొరకదు గనుక, బృందము వాయింపవలసినదంతయు రెండు చేతులలో ఇముడునట్లు కుదించిన ప్రతిని ముందుంచుకొని, రెండవ పియానో వద్ద కూర్చుండి వాయించువాడొకడు కావలెను. ఆ పని నేను చాలకాలముగా చేయుచున్నాను. ఆ స్థానమున కూర్చున్నవానిపై సభాసదుల దృష్టి పడదు గాని, ప్రధాన వాద్యకుడు దేనిని వినుచున్నాడో, దేనిని వినక విడుచుచున్నాడో వానికి తెలిసినంత స్పష్టముగా మఱియెవ్వరికిని తెలియదు. మీతో చెప్పదలచినదంతయు ఆ కుర్చీలో కూర్చుండి తెలిసికొన్నదే. తమ బిడ్డలను ఈ విద్యకు పంపుచున్న తల్లిదండ్రులును, నా తోడి ఉపాధ్యాయులును దీనిని చదివి, మీరు అంగీకరించులోపల తమ యిండ్లలోనే ఈ పనికి పూనుకొందురేమోయన్న ఆశచేత దీనిని తెలుగున వ్రాయుచున్నాను.

మాట గాలిలో పోకుండ ఒక్క రచననే ఎత్తుకొని చెప్పెదను. మోజార్ట్ 1785 ఫిబ్రవరి 10వ తేదీన తన రచనల పట్టికలో నమోదు చేసికొని, మఱునాడే వియన్నాలోని మెల్‌గ్రూబె యను భవనమున సభాముఖమున వాయించిన డి మైనరు కన్సర్టో, ఆయన రచనలకు కోఖెల్ కూర్చిన పట్టికలో 466వది, మీరెల్లరు ఎఱిగినదే. మీ పోటీలకు వచ్చువారిలో అనేకులు ఎన్నుకొనునదియు అదియే. ఆయన పియానో కన్సర్టోలలో మైనరు శ్రుతిలో నడచునవి రెండు మాత్రమే, ఇది వానిలో మొదటిది. దీని ఆరంభమున పాడుకొనదగిన స్వరపంక్తి యనునది లేదు. వయొలిన్లును వయోలాలును తాళపు దెబ్బకు ఎడముగా, దెబ్బకును దెబ్బకును నడుమనే శ్వాస పీల్చుచున్నట్లు ఒకే స్వరసముదాయమును మెల్లగా కదలించుచుండ, అడుగున చెల్లోలును డబుల్ బేసులును చిన్న చిన్న స్వరగుచ్ఛములతో క్రిందినుండి పైకి ఎగబ్రాకుచుండును. ఏదో రానున్నదని తెలియును గాని అది యేదో తెలియదు. ఆ మీదట ఒక్కసారిగా బృందమంతయు విరుచుకొనిపడును. ఇదంతయు జరుగుచుండగా పియానో ముందు కూర్చున్న వాద్యకునికి చేయవలసిన పనియే లేదు. డెబ్బదియాఱు బారులు, అనగా తాళపు ఆవృత్తులు, గడచి, డెబ్బదియేడవ బారున వాని చేతులు మీటలమీదికి వచ్చును.

ఆ డెబ్బదియాఱు బారుల కాలమున వాద్యకుడేమి చేయుచున్నాడనునదే నా దృష్టిలో వాని సన్నాహమునకు గీటురాయి. నా యొద్దకు వచ్చిన విద్యార్థులలో తెలివిగలవారు సైతము తొలుత ఆ కాలమును వ్యర్థమైన నిరీక్షణగా భావించి, బారులు లెక్కించుచు, వ్రేళ్లు విఱుచుకొనుచు, తమ ప్రవేశమునకు ముందటి నాలుగు బారులు మాత్రము శ్రద్ధగా విందురు. వారు తమ పాత్రను నేర్వని వారు కారు. ఏ స్వరమునకు ఏ వ్రేలు, ఏ చోట పెడలు త్రొక్కవలెను, ఏ చోట విడువవలెను, కుడిచేయి కట్టిన స్వరమాలకు ఎడమచేయి ఎంత తగ్గి నడువవలెనను విషయములన్నియు కాగితముపై పెన్సిలుతో గుర్తించి, నిద్రలో లేపి అడిగినను వాయింపగలంతగా సాధించియే వత్తురు. అయినను, నీవు ఈ పంక్తి వాయించునపుడు బసూన్లు ఏమి వాయించుచున్నవని యడిగినచో నిరుత్తరులగుదురు. తమ పంక్తులు మాత్రమే పెద్దవిగా అచ్చయిన ప్రతినుండి చదువుకొన్నందున, ఫ్లూటు, ఓబోలు, బసూన్లు, హార్నులు, ట్రంపెట్లు, టింపనీ, తంత్రీవాద్యములు అన్నియు ఒకదానిక్రింద ఒకటిగా తీర్చియున్న పూర్తి స్కోరును వారు తెఱచి చూచియుండరు. కన్సర్టోకు సిద్ధపడుటయనగా ఆ స్కోరును సిద్ధము చేసికొనుటయే. అందులో పియానో పంక్తి యొకటి. ఈ మాట ప్రతి గురువును చెప్పును. చెప్పినంతమాత్రమున శిష్యుడు స్కోరు తెఱవడు. తెఱచి తీరవలసిన పని వానికి ఒకటి కల్పింపవలెను. అట్టి పని ఏదియని వెదకి వెదకి నేను కనుగొన్నది కడెంజా.

కన్సర్టో మొదటి భాగము ముగియవచ్చుచున్న తరుణమున వాద్యబృందము ఒక అసంపూర్ణమైన స్వరసముదాయముపై, వాక్యము చివర క్రియాపదము చెప్పక నిలిచినట్లు ఆగిపోవును. స్కోరులో అచట అర్ధవలయము, దాని నడుమ చుక్క తప్ప మఱేమియు లేదు. అచటినుండి వాద్యకుడు ఒంటరిగా, తాళబంధము లేక, అంతవఱకు విన్న విషయములను తన మనోధర్మముతో విస్తరించి, చివరకు ప్రక్కప్రక్క స్వరములు రెంటిని వడిగా మార్చి మార్చి పలికించు దీర్ఘమైన ట్రిల్లు పట్టి నిలిపినచో, ఆ గుర్తెఱిగి బృందము మరల అందుకొని భాగమును ముగించును. 1752లో వేణువాద్యముపై గొప్ప గ్రంథము ప్రకటించిన క్వాంట్జ్, గాయకుని కడెంజాయు ఊది వాయించువాని కడెంజాయు ఒక్క ఊపిరిలో ముగియవలెననెను. 1789లో పియానో శిక్షణపై వ్రాసిన ట్యూర్క్, అది ఆ కృతి యావత్తు కలిగించిన భావమును సంక్షేపించి దృఢపఱుపవలెననియు, రచయిత పోని దూర శ్రుతులకు పోరాదనియు, ముందుగా కూర్చుకొన్నదైనను ఆ క్షణముననే పుట్టినట్లు వినిపింపవలెననియు బోధించెను. ఇవి ఏ వాద్యకుడైనను నేర్చికొనదగిన విధులుగా వ్రాయబడినవి; మహారచయితల కొఱకు ప్రత్యేకించినవి కావు.

మోజార్ట్ ఈ డి మైనరు కన్సర్టోకు వ్రాసిన కడెంజా ఏదియు మనకు దక్కలేదు. తొలి సభనాడు వ్రాసికొను తీరిక ఆయనకు ఎక్కడిది? ఆనాడే సాల్జ్‌బర్గునుండి వియన్నా చేరిన ఆయన తండ్రి లియోపోల్డ్ కుమార్తెకు వ్రాసిన లేఖనుబట్టి చూడగా, తాను వచ్చునప్పటికి నకలు వ్రాయువాడు ఇంకను బృందము ప్రతులు వ్రాయుచునే యుండెననియు, వానిని సరిచూచుకొనుటలో మునిగియున్న మోజార్టునకు చివరి భాగమగు రొండోను ఒక్కసారియైనను వాయించి చూచుకొను అవకాశము దొరకలేదనియు తెలియుచున్నది. ఆ సాయంకాలము ఆయన వ్రేళ్లనుండి వెలువడిన కడెంజా ఆ భవనపు గోడలలోనే లయించిపోయినది. మఱి కొన్ని కన్సర్టోలకు ఆయన కడెంజాలు వ్రాసియుంచిన మాట నిజమే. 1783లో తన అక్కకు టపాలో కడెంజాలు పంపినట్లు ఆయన లేఖయే సాక్ష్యమిచ్చుచున్నది. అక్కకు చేయూతగా పంపినవి అవి. అవి అమూల్యములు. అట్లు ఆయన స్వహస్తముతో వ్రాసిన కడెంజా లభించు కన్సర్టోలను నా కోరికనుండి మినహాయింపుడన్నను నేను సంతోషముగా సమ్మతింతును. ఆయన ఖాళీగా విడిచిన చోట్లను గూర్చియే నా వాదమంతయు.

ఆ ఖాళీ ఎట్లు నిండెనో చూడుడు. మోజార్ట్ గతించిన కొలది యేండ్లకు, 1795 మార్చి 31వ తేదీన, ఆయన భార్య కాన్‌స్టాంట్సె ఏర్పాటుచేసిన ప్రదర్శనలో ఆయన సంగీతనాటకపు అంకముల నడుమ యువకుడైన బీథోవెన్ మోజార్ట్ కన్సర్టో నొకదానిని వాయించెను. అది ఈ డి మైనరు కన్సర్టోయేయని చరిత్రకారులు తలంతురు. తరువాత ఆయన దీనికి కడెంజాలు వ్రాసిపెట్టెను. ఆ బీథోవెనే 1809 ప్రాంతమున తన తొలి కన్సర్టోలకు కడెంజాలు తానే వ్రాసి, అయిదవ కన్సర్టోలో ఇచట కడెంజా వాయింపవలదు, వెనువెంటనే సాగుడని స్కోరులోనే శాసించెను. వినికిడి క్షీణించి, ఆ కన్సర్టోను తాను స్వయముగా వాయింపజాలక ఇతరుల చేతికి అప్పగింపవలసివచ్చిన మహానుభావుడు అట్లు శాసించుట నాకు ఆశ్చర్యము గొలుపదు. అప్పటినుండి రచయితలు తమ కన్సర్టోలలో కడెంజాలను తామే వ్రాయుట వాడుకయైనది. అది వారి హక్కు. కాని వారి రచనలకు చెల్లిన ఆ పద్ధతియే వెనుకకు ప్రాకి, మోజార్ట్ విడిచిన ఖాళీలనుకూడ కప్పివేసినది. కల్పించుట వాద్యకుని ధర్మములలో ఒకటియను స్మృతియే సంగీతశాలలలో మాసిపోయినది. నేడు డి మైనరు కన్సర్టో వాయించువారిలో మిక్కిలి యెక్కువమంది బీథోవెన్ కడెంజానే వాయించుచున్నారు.

బీథోవెన్ కడెంజాపై నాకు పరమగౌరవము కలదు. అందులోని ఉద్ధతి, మోజార్ట్ పోని దూరములకు అది పోయి వచ్చు తీరు, ఒక మహాశిల్పి మఱియొక మహాశిల్పికి సమర్పించిన నమస్కారము. అయినను అది ఆయన నమస్కారము. పందొమ్మిదేండ్ల బాలిక మీ యెదుటికి వచ్చి, కన్సర్టో మొదటి భాగమున తన మాటగా చెప్పుకొనుటకు మోజార్ట్ కరుణించి విడిచిన ఒకే ఒక్క తావున, ఆ నమస్కారమును కంఠస్థము చేసి ఒప్పగించుచున్నది. ఆమె వ్రేళ్ల పటిమను మీరు అంతకుముందే విస్తారముగా చూచియున్నారు. ఆమె ఆ కన్సర్టోను గూర్చి ఏమి తలంచుచున్నదో మాత్రము మీకు తెలియలేదు.

కర్ణాటక సంగీతమున పెరిగిన మాకు ఇది వింతగా తోచుటలో వింత లేదు. త్యాగరాజస్వామి కీర్తనను అక్షరము తప్పకుండ పాడిన గాయకుడే, ఆ కీర్తనలోని ఒక పాదమునెత్తుకొని నెరవు చేసి, కల్పనస్వరములు పాడును. ఆ స్వరములు వేఱొక విద్వాంసునివి యథాతథముగా వల్లించినచో సభలో పెద్దలు తల యూపరు. కృతి రచయితది, మనోధర్మము గాయకునిది. రెంటికిని వైరమున్నట్లు మా పెద్దలెవ్వరును తలంపలేదు. కచేరీ నడుమ మృదంగ విద్వాంసునికి తని ఆవర్తనము విడిచినపుడు ప్రధాన గాయకుడు చేతితో తాళము వేయుచు, ముక్తాయింపు ఎప్పుడు పడునాయని ఎదురుచూచి పల్లవి నందుకొనును. కడెంజా చివర ట్రిల్లుకై కండక్టరు చేతికఱ్ఱ ఎత్తి యెదురుచూచు దృశ్యము నాకు ఎప్పుడును దానినే జ్ఞప్తికి తెచ్చును. మా పద్ధతిని మీపై రుద్దవలెనని ఈ మాట చెప్పుటలేదు. మీ పూర్వులదియు ఇదే పద్ధతియని క్వాంట్జ్, ట్యూర్క్ గ్రంథములే ఘోషించుచున్నవి గదా.

ఇక నా రెండవ పియానో వద్ద జరిగినదొకటి చెప్పెదను. ఈ కన్సర్టోకు సిద్ధపడుచున్న ఒక విద్యార్థినిని, కడెంజా నీవే కూర్చుకొని రమ్మని నేను పంపితిని. ఆమె మొదట తెచ్చినది అందమైన వేగస్వరముల పరంపర. ఏ కన్సర్టోకైనను అతుకును, దేనికిని చెందదు. ఇందులో ఈ కృతి యెక్కడనున్నదని యడిగితిని. అప్పుడామె పూర్తి స్కోరు తెఱచినది. కొన్ని దినములు గడచినపిదప వచ్చి ఒక విషయము చెప్పినది. అది పుస్తకములలో నున్నదేయైనను తనకై తాను కనుగొన్నందున ఆమె కన్నులు మెఱయుచుండెను. వాద్యబృందము ఆరంభమున వాయించు ఆ ఎడముగా కదలు స్వరసముదాయమును పియానో ఈ భాగమంతటిలో ఉన్నదున్నట్లు ఒక్కసారియైనను వాయింపదు. పియానో డెబ్బదియేడవ బారున ఒంటరిగా ఎత్తుకొను ఆ దీనమైన స్వరపంక్తిని బృందము ఎన్నడును తన నోట పలుకదు. ఒకరి మాట నొకరు వినుచు, ఒకరి మాట నొకరు అనక, ఇరువురును చివరివఱకు నడచుచున్నారు. మఱి ఈ రెండును ఒక్కచో కలియవలెనన్నచో కలియగలిగిన స్థలమేది? కడెంజా ఒక్కటే.

ఆమె ఎడమచేత బృందపు కదలికను, కుడిచేత తన ఒంటరి పంక్తిని ఉంచి ఒకేసారి వాయించి చూచినది. నాలుగవ బారున రెండును ఢీకొన్నవి. కుడిచేతి పంక్తిని కత్తిరింపవలెనా, ఎడమచేతి స్వరసముదాయమును మార్పవలెనా యని తర్జనభర్జన పడి, తుదకు మొత్తమును జి మైనరులోనికి జార్చి, అచట కుడిచేతి పంక్తిని సగమున విఱచి, మిగిలిన సగమును ఎడమచేతికి ఇచ్చినది. జి మైనరే యేల యంటిని. రెండవ భాగమగు రొమాన్సెలో ప్రశాంతముగా నడచుచున్న గీతమును చీల్చుకొని నడుమ లేచు తుపాను జి మైనరులోనిదే గదా, దాని నీడ ముందుగా ఇచట పడిన బాగుండునని తోచినదనెను. పెద్ద పాండిత్యమేమియు లేని, నిమిషమునకు మించని కడెంజా అది. చివరి ట్రిల్లునకు చేరు త్రోవ కొంచెము తొట్రుపాటుగానే యుండెను. కాని ఆ వారమునుండి ఆమె డెబ్బదియాఱు బారులను వేఱుగా వినసాగినది. నేను రెండవ పియానోపై ఎడమచేతి స్వరగుచ్ఛమును ఒకనాడు కొంత బరువుగా వాయించినచో, డెబ్బదియేడవ బారున ఆమె ప్రవేశము దానికి తగినట్లు ఇంకను మెత్తబడి వచ్చెడిది. ఎవ్వరును చెప్పకయే బసూన్లకై చెవి యొగ్గెను. పెడలు తగ్గినది. మోజార్ట్ వాయించిన ఆంటోన్ వాల్టర్ పియానో అయిదు అష్టకములది, తోలు తొడిగిన చిన్న సుత్తులది. దానిపై స్వరము పుట్టినంత త్వరలోనే సన్నగిల్లును. నేటి ఎనుబదియెనిమిది మీటల ఉక్కు తీగల పియానోపై ఆ తేటదనము రావలెనన్నచో వాద్యకుడు బలమునకన్న నిగ్రహమును సాధింపవలెనని నేను ఎన్నిమార్లు చెప్పినను తలకెక్కనిది, తన కడెంజాలోని రెండు పంక్తులు ఒకదానిలో ఒకటి కలిసి మసకబాఱుట తానే వినినపుడు ఆమెకు తెలిసినది. సన్నాహమున మిగిలిన అంగములన్నియు ఈ ఒక్క పనిచే చక్కబడుట నేను నా చెవులతో వింటిని.

ఆమె ఆ కడెంజాను పోటీలో వాయింపలేదు. అప్పటికి పైచదువులకై చేరియున్న చోట ఆమె గురువు, న్యాయనిర్ణేతలకు పరిచితమైనది వాయించుటయే క్షేమమనియు, క్రొత్తది వినిపించినచో దానిలోని లోపములే వారికి గోచరించుననియు హితవు చెప్పిరి. శిష్యురాలి మేలు కోరి చెప్పిన మాటయే అది. ఆమె బీథోవెన్ కడెంజాను నిర్దోషముగా వాయించి వచ్చినది. ఆ గురువుగారి మాట అబద్ధమని మీరు నిరూపింపుడని మాత్రమే నేను మిమ్ము వేడుచున్నాను. అది మీ చేతిలోనే యున్నది.

మీరు చెప్పగల ఆక్షేపణలను నేను ఊహింపగలను. ఒక్కొక్కరు ఒక్కొక్క కడెంజా వాయించినచో వారిని పోల్చి తూచుట ఎట్లందురేమో. ఒకే కన్సర్టోను అందరును వాయింపవలెనను నియమమే లేని ఘట్టములలో, ఒకరు డి మైనరును, మఱియొకరు సి మేజరును వాయించుచుండగా మీరు తూచుచునే యున్నారు గదా. చెడ్డ కడెంజాలు వినవలసివచ్చునందురేమో. వచ్చును. చెడ్డ ట్రిల్లులును, చెడ్డ పెడలునుకూడ మీరు వినుచున్నారు. విని వానికి తగిన మార్కులు వేయుచున్నారు. సృష్టికిని వాదనమునకును వేర్వేఱు ప్రతిభలు కావలెనందురేమో. దీనికి సమాధానము నేను చెప్పనక్కఱలేదు, బ్రసెల్స్ నగరమున రాణి ఎలిజబెత్ పేర జరుగు పోటీ చెప్పుచున్నది. 1937లో వయొలిన్ విద్వాంసుడు ఇసాయి పేర మొదలైన ఆ పోటీలో తుది ఘట్టమునకు చేరిన వాద్యకులను వాటర్లూ చెంత నున్న సంగీతాశ్రమమున ఒక వారము ఉంచి, అంతవఱకు ఎన్నడును వెలువడని క్రొత్త రచన నొకదానిని చేతికిచ్చి, గురువుల సాయముగాని బయటివారి సంపర్కముగాని లేక దానిని తమంతట సాధించి బృందముతో వాయింపుడందురు. యువకుని బుద్ధిని నమ్మి, వానిని ఒంటరిగా స్కోరు ముందు కూర్చుండబెట్టుటకు ఆ నిర్వాహకులు జంకలేదు. ఆ నమ్మకమును ఒక్క అడుగు ముందుకు జరుపుడనుటయే నా ప్రార్థన.

సొంతమైన కడెంజాలో ఇతరుల ఛాయలు దొర్లుననియు కొందఱు శంకింతురు. దొర్లనిండు. క్లారా షూమన్ ఈ డి మైనరు కన్సర్టోకు తాను వాయించుచుండిన కడెంజాను 1891లో అచ్చునకు ఇచ్చిన తరుణమున, అందులో కొంత భాగము ఎన్నడో బ్రామ్స్ కూర్చిన కడెంజానుండి తన వ్రేళ్లలోనికి వచ్చి చేరినదని గ్రహించి, ఆయన పేరు కూడ సూచింపవలదాయని ఆయనకే వ్రాసెను. అట్లయినచో తన స్వరములలో మేలైనవాని పైనెల్ల ఆమె పేరు వ్రాయవలసివచ్చునను భావముతో ఆయన బదులు వ్రాసెను. సంగీతము ఒకరినుండి ఒకరికి ప్రవహించు త్రోవయే అది; బీథోవెన్ కడెంజాను వందసార్లు విన్న బాలిక కల్పనలో బీథోవెన్ వినబడుట దొంగతనము కాదు, వంశపారంపర్యము. ఇక వేదికపైనే అప్పటికప్పుడు కడెంజా కల్పించి వాయింపవచ్చునా యన్న సందేహము ఎవరికైనను మిగిలియున్నచో, మన కాలమున రాబర్ట్ లెవిన్ మహాశయుడు మోజార్ట్ కన్సర్టోలలో దానిని వేలమంది యెదుట చేసి చూపియున్నారు. పందొమ్మిదేండ్లవారినుండి అంతటి సాహసమును నేను కోరుటలేదు. ఇంటివద్ద కూర్చి, దిద్ది, సాధించి తెచ్చినది చాలును. ట్యూర్క్ కోరినదియు అదియే.

ఆచరణమునకు సంబంధించిన మాటలు కొన్ని చెప్పి ముగించెదను. నియమమును పోటీకి ఒక సంవత్సరము ముందుగానైనను ప్రకటింపవలెను. స్కోరుతో కాపురము చేయనిదే కడెంజా రాదు, దానికి కాలము పట్టును. కడెంజా నిడివి నిమిషమున్నరకు మించరాదని హద్దు పెట్టుడు. హద్దు వలన వాద్యకునికి మేలే కలుగును. బృందమునకును మేలు, ఏలయనగా ఓబోలును బసూన్లును చాలసేపు వాయింపబడక చల్లబడినచో వాని శ్రుతి దిగజాఱును, ఆ దిగజాఱిన శ్రుతితో భాగపు చివరి బారులు వాయింపవలసివచ్చుట వారికి నగుబాటు. బృందము పియానో శ్రుతికే తమ వాద్యములను సరిచూచుకొని కూర్చున్నది గదా. కండక్టరునకు కడెంజా చివరి నాలుగు బారులు వ్రాసిన కాగితమును రిహార్సలు నాటికే అందజేయవలెను. ట్రిల్లు ఏ స్వరముపై వచ్చునో, దానిని ఎంతసేపు పట్టుదురో తెలియక బృందము తడబడినచో ఆ తప్పు వాద్యకుని నెత్తిన పడును. సామాన్యముగా కన్సర్టోకు దొరకునది బృందముతో ఒక్క రిహార్సలు, ఆ పిమ్మట ప్రదర్శన దినమున మఱియొక సారి. ఆ స్వల్పకాలమున కడెంజాను దాటవేసి, ట్రిల్లునుండి ఎత్తుకొందము రమ్మని కండక్టరు అనుట మామూలు. దానిని ఒక్కమారైనను ఆమూలాగ్రముగా వాయింపనిండని మీ కండక్టర్లకు చెప్పుడు. వయొలిన్లను మోకాళ్లపై ఆనించుకొని వినుచున్న వాద్యకులు, తాము ఆరంభమున వాయించిన కదలిక ఆ బాలిక ఎడమచేతిలో తిరిగి పుట్టుట విన్నపిమ్మట, చివరి బారులను మామూలుగా వాయింపజాలరు.

కార్యక్రమపత్రమున కన్సర్టో పేరు క్రింద కడెంజా ఎవరిదో తప్పక అచ్చువేయింపుడు. బీథోవెన్‌దైనచో బీథోవెన్ అని, వాద్యకునిదైనచో వాద్యకుని పేరు. ఆ ఒక్క పంక్తికి వెచ్చమేమియు లేదు. మీ తదుపరి పోటీ ప్రకటననుండియే దీనిని మొదలుపెట్టవచ్చును.

ఇట్లు,
రెండవ పియానో వాయించు ఒక ఉపాధ్యాయుడు,
సికింద్రాబాదు